వెనక సీటు

రా బాబూ, షెడ్డు తలుపు కాస్త భుజంతో నెట్టాలి.
ఇదే నువ్వు ఫోన్లో అడిగిన బండి.
మూడు చక్రాలు, వెనక పంకాకి ఇనుప పంజరం,
రెండు సీట్లు, ఒకదాని వెనక ఒకటి.
రెక్కలేవీ అని చూస్తున్నావు కదూ?
రెక్క ఆ సంచిలో ఉంది, మడతపెట్టిన దుప్పటిలా.
ఎలకలకు భయపడి మా జెనోన్ దాన్ని
చలికాలమంతా పడకగదిలోనే ఉంచేవాడు.

డెలోర్మ్‌ల పిల్లాడివి, నీకీ నేల తెలుసు.
సస్కాచెవాన్‌లో మా వైపు కొండంటే
ఆ ధాన్యం గిడ్డంగి ఒక్కటే.
అందుకే కట్టుకున్నాడు దీన్ని
రెండు చలికాలాలు, గొట్టం గొట్టం బిగించి.

ఈ దారాలు పట్టుకుని చూడు,
బూటు లేసుకంటే సన్నం.
అన్నీ కలిసి మా ఇద్దర్నీ, ఇంజన్నీ,
ఫ్లాస్కు నిండా కాఫీనీ
పదకొండేళ్ళు మోశాయి.
ఎగిరేముందు బట్టను గడ్డిమీద వెనక్కి పరవాలి,
దారం మీద దారం పడకుండా విడదీయాలి
జడ చిక్కు తీసినట్టు.
తొందరపడ్డవాళ్ళను ఈ బండి క్షమించదు.
మిగతావాళ్ళందర్నీ క్షమిస్తుంది.

ఇంజన్ రెండు స్ట్రోకులది, నూనె కలిపిన పెట్రోలు.
తాడు లాగితే మొదటి రెండుసార్లు అలుగుతుంది.
బండి కదిలాక గాలి బట్ట నోళ్ళలోకి జొరబడి
అర తర్వాత అర ఉబ్బుతుంది.
పడుకున్నది లేచి నెత్తిమీదికొస్తుంది.
అప్పుడు తలెత్తి చూడు, తప్పకుండా చూడు.
నిండుగా, సూటిగా నిలిచాకే థ్రాటిల్.

థ్రాటిల్ పెంచితే పైకి, తగ్గిస్తే కిందికి.
వేగం మాత్రం నీ చేతిలో లేదు,
గంటకు యాభై కిలోమీటర్లు, పనున్నా లేకున్నా.
ఎదురుగాలైతే ట్రాక్టర్లు దాటిపోతాయి.
మేనకోడలి పెళ్ళికి ఇందులోనే బయల్దేరి
భోజనాలయ్యాక చేరాం.

ఇంజన్ ఆగిపోతే? అందరూ అడిగేదే.
రెండుసార్లు ఆగింది.
గొడుగు అప్పటికే తెరిచి ఉంది కదా!
చప్పుడు పోయి, నీలంగా పూసిన అవిసె చేల మీద
దారాల్లో గాలి ఈల వినబడింది.
అతను స్పార్క్ ప్లగ్‌ను తిట్టుకున్నాడు.
నాకు ఇంకాసేపు అలాగే ఉంటే బాగుండుననిపించింది.

ముందు సీటులో కాళ్ళకింద రెండు కడ్డీలు.
కుడిది తొక్కితే కుడికి, ఎడమది తొక్కితే ఎడమకి.
కడ్డీల నుంచి ఈ పసుపు తాళ్ళు పైకి పోతాయి,
వెనక కూర్చున్నవాళ్ళ భుజాల పక్కగా.
చేయి చాపితే అందుతాయి.
ప్రకటనలో ఇది రాయలేదు నేను.

తొమ్మిదేళ్ళు నేను చూసింది
అతని హెల్మెట్ వెనకభాగం,
మెడమీద ఎండకు కమిలిన గీత.
తర్వాత ఒక ఆగస్టులో
అతనికి కరెంటు స్తంభాల వరస కనబడలేదు.
చెవుల్లో మైకుంది, అయినా అరవలేదు.
ఎడమ తాడు అందుకుని లాగాను
రొట్టెపిండి సాగదీసినట్టు, మెల్లగా.
బండి తిరిగింది.
"ఇవాళ గాలి కాస్త వంకర, ఒరిస్యా" అన్నాడు.
అవునన్నాను.

ఆ తర్వాత రెండు వేసవులూ వంకర గాలే.
కళ్ళ డాక్టరు మాటెత్తితే కోతలయ్యాక అనేవాడు.
బాతులు దిగే మడుగుల మీదుగా
అతను తొక్కేవాడు, నేను దిద్దేదాన్ని.

చివరిసారి సెప్టెంబరులో,
కోసిన గోధుమ మోళ్ళ వాసన పైదాకా వచ్చిన సాయంత్రం
వంగి చూద్దును కదా,
అతని పాదాలు కడ్డీల మీద లేవు.
బూటుమీద బూటు వేసుకుని
అరుగుమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.
థ్రాటిల్ మాత్రం వదల్లేదు,
ఎంతెత్తు అన్నది తన లెక్క.
ఎటు అని అడగలేదు.

ధర తగ్గించను.
ట్రైలర్ దీంతోపాటే, హెల్మెట్లు రెండూ కూడా.
పెద్దదాని పట్టీ తెగింది, కుట్టించుకో.

గాలి పడిపోయింది, అదిగో గుడ్డ వాలిపోయింది.
నడిపి చూడకుండా ఎలా కొంటావు?
పొడుగు కాళ్ళవాడివి, ముందు నువ్వు కూర్చో.
లేదు, అక్కడ నేనెప్పుడూ కూర్చోలేదు,
ఇవాళ మొదలుపెట్టను.
ఆ కొస పట్టుకో, బట్ట పరుద్దాం.